ఖాళీ ఫోనుకు మార్కులెందుకు?

కొత్త ఫోను మీద ఎవరు సమీక్ష రాసినా, వీడియో చేసినా వరస ఒకటే. పెట్టె విప్పుతారు, ప్లాస్టిక్ పొర ఊడబెరుకుతారు, తెర మీద వేలితో నాలుగుసార్లు పైకీ కిందికీ తోసి "భలే స్మూత్‌గా ఉందండీ" అంటారు. ఇంటర్‌ఫేస్‌కి, అంటే తెర మీద మనం చూసి నొక్కే మెనూలూ బటన్ల అమరికకి, పదికి ఎనిమిదో తొమ్మిదో పడిపోతాయి. స్టోరేజీకైతే ఆ మార్కులు కూడా ఉండవు. పట్టికలో ఒక గడి, అందులో 128 జీబీ అనో 256 జీబీ అనో ఒక అంకె. ఆ తర్వాత పావుగంట సేపు కెమెరా.

నా పేచీ అంతా ఇక్కడే. వాళ్ళు చూసింది ఖాళీ ఫోను. ఖాళీగా ఉన్నప్పుడు ఏ ఫోనైనా బుద్ధిగానే ఉంటుంది. మనం వాడే మూడు నాలుగేళ్ళలో అది ఖాళీగా ఉండేది మొదట కొన్నాళ్ళే. ఆ తర్వాతదంతా సగం నిండిన ఫోనుతో, ముప్పాతిక నిండిన ఫోనుతో, చివరికి "స్టోరేజ్ నిండిపోయింది" అని పొద్దున్నే పలకరించే ఫోనుతో కాపురం. కాబట్టి మార్కులు వేయాల్సింది అది నిండాక. అప్పుడు చూస్తే ఇంటర్‌ఫేస్, స్టోరేజీ అనేవి రెండు వేర్వేరు శీర్షికలుగా కనిపించవు. ఎంత చోటుందన్నది సగం సంగతే. ఆ చోట్లో ఏముందో, ఎక్కడుందో, దేన్ని తీసేస్తే ఏమవుతుందో ఫోను సూటిగా చెబుతుందా లేదా అన్నది మిగతా సగం. ఆ రెండో సగాన్ని కొలిచే సమీక్షలు నాకు అరుదుగా తప్ప కనిపించవు.

ముందు అంకెల సంగతి తేల్చేద్దాం, దీని మీద అనవసరమైన కోపాలు ఎక్కువ. పెట్టె మీద 128 జీబీ అంటే 12,800 కోట్ల బైట్లు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు. విండోస్ కంప్యూటరు 1,024 చొప్పున లెక్కించి అదే చోటును 119 జీబీ అంటుంది. మధ్యలో ఎవరూ 9 జీబీ మింగలేదు. అసలు తరుగు ఆ తర్వాత మొదలవుతుంది: ఆపరేటింగ్ సిస్టమ్, దాని వెంట వచ్చి కూర్చున్న యాప్‌లు, అప్‌డేట్ల కోసం అట్టిపెట్టిన జాగా. 2016లో ఆండ్రాయిడ్ 7తో సిస్టమ్‌ను రెండు ప్రతులుగా ఉంచే పద్ధతి మొదలైంది. ఒకటి నడుస్తుండగా రెండోదాని మీద అప్‌డేట్ ఎక్కుతుంది, అది చెడితే పాతదానికి వెనక్కి వెళ్ళొచ్చు. మంచి ఏర్పాటే గానీ చోటు తింటుంది. అందుకే 2020లో ఆండ్రాయిడ్ 11 నాటికి రెండో ప్రతిని ఎల్లకాలం మోయకుండా అప్‌డేట్ సమయంలో మాత్రమే పుట్టించే పద్ధతికి మళ్ళారు. ఇక ముందే వేసిచ్చిన యాప్‌ల సంగతి: వాటిని "డిసేబుల్" చేస్తే పోయేవి ఆ యాప్ అప్‌డేట్లు, దాని డేటా. అసలు ప్రతి సిస్టమ్ భాగంలో అలాగే పడి ఉంటుంది. ఆ చోటు మనకు దక్కదు.

చోటు చాలకపోవడం ఇంటర్‌ఫేస్ సమస్యగా ఎలా మారుతుందో 2014లో 16 జీబీ ఐఫోన్ వాడినవాళ్ళను అడగాలి. ఐఫోన్ సిస్టమ్ ఐఓఎస్ 8ని కంప్యూటరుతో పని లేకుండా ఫోనులోనే నేరుగా వేసుకోవాలంటే దాదాపు 5 జీబీ ఖాళీ కావాల్సి వచ్చింది. పదహారులో సిస్టమ్ పోగా మిగిలినదాంట్లో ఐదు ఖాళీగా ఉంచుకునే మనిషి ఎవరు? ఫోటోలు తీసెయ్యాలి, లేదా అప్‌డేట్ మానుకోవాలి. మరుసటి ఏడు ఐఓఎస్ 9కి ఆ అవసరాన్ని 1.3 జీబీకి తగ్గించామని ఆపిల్ ప్రత్యేకంగా చెప్పుకుంది. చెప్పుకున్న ఆ 2015లోనే వచ్చిన ఐఫోన్ 6ఎస్ మళ్ళీ 16 జీబీతోనే మొదలైంది! కనీసం 32 అయింది 2016లో, ఐఫోన్ 7తో.

నిండిన ఫోను ఎందుకు నెమ్మదిస్తుంది? "యాప్‌లు ఎక్కువైపోయాయి" అని అందరం అనేస్తాం. అసలు కారణాల్లో ఒకటి స్టోరేజీ చిప్పు లోపల ఉంది. ఆ చిప్పులో ఉండే ఫ్లాష్ మెమరీలో రాసేది చిన్న చిన్న పేజీలుగా, చెరిపేది మాత్రం పెద్ద పెద్ద బ్లాకులుగా. రాసిన పేజీ మీద మళ్ళీ రాయడం కుదరదు. ఒక పలక ఉంది, దాని మీద పంక్తి తర్వాత పంక్తి రాయొచ్చు, కానీ తుడిస్తే పలకంతా తుడవాల్సిందే అనుకోండి. ఉంచుకోవాల్సిన నాలుగు పంక్తుల్ని ముందు ఇంకో పలక మీదికి ఎత్తి రాసుకుని, అప్పుడు దీన్ని తుడవాలి. ఖాళీ పలకలు బోలెడున్నంత కాలం ఈ పని మన కంటపడకుండా వెనకాల జరిగిపోతుంది. ఖాళీ తగ్గేకొద్దీ ప్రతి చిన్న రాతకూ ముందు ఈ ఎత్తిరాతల తంతు తప్పదు. మనకది కీబోర్డు ఆలస్యంగా పైకి రావడంగానో, కెమెరా బటన్ నొక్కాక ఫోను కాసేపు బిగుసుకుపోవడంగానో తెలుస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మనం డిలీట్ చేసిన ఫైలు తాలూకు పేజీలు ఇక అక్కర్లేదని సిస్టమ్ ఆ చిప్పుకు కబురు చెయ్యాలి. చెయ్యకపోతే అది పనికిరాని పంక్తులను కూడా భద్రంగా ఎత్తి రాస్తూనే ఉంటుంది. ట్రిమ్ అనే ఈ కబురు ఆండ్రాయిడ్‌లో 2013లో 4.3తో వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన మొదటి నెక్సస్ 7 ట్యాబ్లెట్ కొన్నవాళ్ళు, కొన్నాళ్ళకే అది నత్తనడక పట్టిందని మొత్తుకోవడం, ఈ అప్‌డేట్ పడ్డాక కాస్త తేరుకుందని సంతోషించడం అప్పట్లో ఈ విషయాలు పట్టించుకునేవాళ్ళందరికీ గుర్తే. కొత్త చిప్పులు చాలా మెరుగు. యూఎఫ్ఎస్ అనే రకం స్టోరేజీ చిప్పులకు 2020లో వచ్చిన 3.1 ప్రమాణంలో రైట్‌బూస్టర్ అని ఒకటి చేరింది: వచ్చిన డేటాను ముందు వేగంగా ఒక తాత్కాలిక జాగాలో దింపేసి, తీరిగ్గా అసలు చోటికి చేర్చడం. ఆ తాత్కాలిక జాగాను ఖాళీ చోటు నుంచి అరువు తెచ్చుకునేలా అమర్చితే మాత్రం, ఫోను నిండేకొద్దీ అరువూ తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. అంటే ఖాళీ ఫోను మీద తీసిన వేగం అంకె ఆ ఫోనుకు అత్యుత్తమమైన రోజు తాలూకు అంకె.

ఎన్ని జీబీలు అన్నదాని పక్కన ఏ రకం స్టోరేజీ అన్నది కూడా రాసి ఉండాలని నా పట్టుదల. పాత రకం చిప్పు ఈఎమ్ఎమ్‌సీ 5.1కి దారి వెడల్పే సెకనుకు 400 ఎంబీ, పైగా ఒక సమయంలో చదవడమో రాయడమో ఒక్కటే. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చెయ్యగలదు. 2022లో శాంసంగ్ తన యూఎఫ్ఎస్ 4.0 చిప్పుకు ప్రకటించిన చదివే వేగం సెకనుకు 4,200 ఎంబీ. ఒకే పేరున్న ఫోనులో కూడా తేడాలుంటాయి: 2023 నాటి గెలాక్సీ ఎస్23లో 128 జీబీ ఫోనుకు యూఎఫ్ఎస్ 3.1 పెట్టారు, 256కి 4.0. చోటు కోసం కాకపోయినా వేగం కోసం పెద్దది కొనాలన్నమాట, ఆ ముక్క మాత్రం పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండదు. అయితే ఈ వేల అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు. అవి ఒక పెద్ద ఫైలును గుక్కతిప్పుకోకుండా చదివినప్పటివి. యాప్ తెరిచినప్పుడు జరిగేది ఎక్కడెక్కడివో చిన్న చిన్న ముక్కలు ఏరి తెచ్చుకోవడం. అక్కడ ఏ చిప్పూ ఈ అంకెల దరిదాపుల్లోకి రాదు.

ఇంకో మాయ: "8+8 జీబీ ర్యామ్". ఆ రెండో ఎనిమిది ర్యామ్ కాదు. స్టోరేజీలోంచి కోసి, ర్యామ్ చాలనప్పుడు అక్కడికి సరుకు దింపేందుకు కేటాయించిన ముక్క. ర్యామ్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు నెమ్మది, పైగా స్టోరేజీ చిప్పును ఊరికే రాసి చెరిపి రాసి చెరిపి అరగదీస్తుంది. 64 జీబీ ఫోనులో ఎనిమిది దీనికి పోతే మిగిలేదెంతో మీరే చూసుకోండి. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసే వీలుందో లేదో చూడటం నా అలవాటు.

సరే, చిప్పు గొడవ చాలు. ఇప్పుడు తెర మీదికి వద్దాం.

"ఒరేయ్, ఇది నిండిపోయిందంటోంది, ఏం తీసెయ్యమంటావు?" అని మా అత్తయ్య ఫోను నా చేతిలో పెడుతుంది. స్టోరేజీ పేజీ తెరిస్తే రంగురంగుల పట్టీ ఒకటి. ఫోటోలకో రంగు, వీడియోలకో రంగు, యాప్‌లకో రంగు, సిస్టమ్‌కో రంగు, చివర బూడిద రంగులో "ఇతరాలు". ఆ ఇతరాలే పదో పన్నెండో జీబీలు.

"ఇతరాలంటే ఏమిట్రా?"

"నొక్కితే తెరుచుకోవడం లేదత్తయ్యా."

"తెరుచుకోని దానికి రంగెందుకు పూశారు మరి?"

ఏ సమీక్షకుడూ అడగని ప్రశ్న అది. ఆ గడిలో చేరేవి ఏమంత రహస్యాలు కావు: పీడీఎఫ్‌లు, జిప్ ఫైళ్ళు, యాప్‌లు తమ సొంత ఫోల్డర్లలో దాచుకున్నవి, ఫోను గుర్తుపట్టలేని రకం ఫైళ్ళు, చెత్తబుట్టలో ఉన్నవి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో "సిస్టమ్" అన్న గడి కూడా ఇలాంటిదే. అందులో ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు, మిగతా గడుల్లో ఇమడని లెక్కంతా వచ్చి పడుతుంది. 2020లో ఆండ్రాయిడ్ 11 గట్టిగా అమల్లో పెట్టిన నిబంధనల వల్ల ఒక యాప్ సొంత ఫోల్డరులోకి మరో యాప్, చివరికి మనం వేసుకున్న ఫైల్ మేనేజర్ కూడా, తొంగిచూడటానికి వీల్లేకుండా పోయింది. గోప్యతకు అది అవసరమే, ఆ మార్పును నేను తప్పుబట్టను. కానీ తలుపులు మూసినవాళ్ళే లోపల ఏముందో చూపే బాధ్యత కూడా తీసుకోవాలి కదా. యాప్‌ను తీసేస్తే ఆ సొంత ఫోల్డరు కూడా దానితోపాటే పోతుంది, గ్యాలరీలో ఉండే ఉమ్మడి ఫోల్డర్లలోవి మిగులుతాయి. అన్‌ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు "ఈ యాప్‌తో పాటు ఫలానా రికార్డింగులు పోతాయి, ఫలానా ఫోటోలు ఉంటాయి" అని ఒక్క వాక్యం చూపిస్తే ఎన్ని కన్నీళ్ళు తప్పుతాయి!

మంచి స్టోరేజీ పేజీ అంటే నా దృష్టిలో ఇదీ: ఏ రంగు మీద నొక్కినా పెద్ద ఫైలు నుంచి చిన్న ఫైలు దాకా వరసగా రావాలి, ప్రతిదాని పక్కనా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆఖరిసారి ఎప్పుడు తెరిచామో ఉండాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. 2020 చివర్లో వాట్సాప్ తన స్టోరేజీ పేజీని మార్చి, 5 ఎంబీ దాటినవి ఒక కట్ట, పదే పదే ఫార్వర్డ్ అయినవి ఒక కట్టగా విడదీసి చూపించింది. అత్తయ్యకు ఆ పేజీ చూపించగానే ఎవరి సాయమూ లేకుండా తనే కూర్చుని ఏరేసింది. కబుర్లు పంపుకునే యాప్ చెయ్యగలిగిన పని ఫోను తయారుచేసే కంపెనీలకు చేతకాదా?

ఇక డిలీట్. ఏరేస్తూ ఏరేస్తూ అత్తయ్య ఆగిపోయింది. "ఇవి తీసేస్తే బాబు ఫోటోలు అక్కడ కూడా పోతాయా?" అక్కడ అంటే క్లౌడ్‌లో. ఈ ప్రశ్నకు తెర మీద జవాబు దొరకాలి. గూగుల్ ఫోటోస్‌లో "స్థలం ఖాళీ చేయి" తరహా మాట నొక్కితే బ్యాకప్ అయిన వాటి ప్రతులు ఫోనులోంచి మాత్రమే పోతాయి. అదే యాప్‌లో మామూలు డిలీట్ నొక్కితే క్లౌడ్‌లోవి కూడా బుట్టలోకి వెళతాయి. ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉన్న ఐఫోన్‌లో ఫోటో తీసేస్తే అదే ఖాతాతో ఉన్న మిగతా పరికరాల్లోంచీ పోతుంది. రెండూ వాటి వాటి లెక్కలో సరైనవే. వాడే మనిషికి మాత్రం చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. నిండిన ఫోనుతో కంగారులో ఉన్నవాళ్ళు చదివి నొక్కరు, నొక్కి చదువుతారు. ఆ కంగారును దృష్టిలో పెట్టుకుని గీసిన తెరకు నేను పూర్తి మార్కులు వేస్తాను, దాని బొమ్మలు ఎంత పాతకాలంవైనా సరే.

బుట్ట కూడా మంచిదే, ప్రాణాలు కాపాడింది. ఐఫోన్‌లో తీసేసిన ఫోటో 30 రోజులుంటుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినది 60 రోజులు, కానిది 30. చిక్కేమిటంటే ఫోనులో ఉన్న బుట్ట కూడా ఆ ఫోను చోటునే తింటుంది. వందల ఫోటోలు తీసేశాక పట్టీ అంగుళం కూడా కదలకపోతే, పాపం, ఇంకో వంద తీసేస్తారు. "బుట్టలో ఇంత ఉంది, ఇప్పుడే ఖాళీ చెయ్యమంటారా" అని ఆ పేజీలోనే అడిగే ఫోన్లున్నాయి, అడగనివీ ఉన్నాయి. కొనేముందు చూసుకోదగ్గ తేడా ఇది.

ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్ స్టోరేజీ పేజీకి వెళితే "కాష్ తొలగించు", "డేటా తొలగించు" అని రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. కాష్ అంటే యాప్ తన వేగం కోసం తాత్కాలికంగా దాచుకున్న సరుకు; మొదటిది నొక్కితే ఏమీ కాదు, యాప్ దాన్ని మళ్ళీ దించుకుంటుంది. రెండోది నొక్కితే లాగిన్‌తో సహా ఆ యాప్‌లో ఉన్నదంతా గోవిందా. వేలికి అందే బటన్ కనీసం 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ మార్గదర్శకాలు చెబుతాయి, ఆ కొలత ఇక్కడ పాటించారు కూడా. కొలత పాటించి, ఒక నిరపాయాన్ని, ఒక ప్రళయాన్ని ఒకే ఆకారంలో పక్కపక్కన నిలబెట్టారు. నిర్ధారించుకునే ప్రశ్న ఒకటి మధ్యలో వస్తుంది నిజమే, దాన్ని ఎవరు చదువుతారో పైన చెప్పాను.

మెచ్చుకోవాల్సినదీ ఒకటి చెప్పాలి. 2017లో ఐఓఎస్ 11లో, వాడని యాప్‌ను పక్కన పెట్టేసి దాని డేటాను మాత్రం ఉంచే వీలు వచ్చింది. గుర్తు తెర మీదే ఉంటుంది, నొక్కితే మళ్ళీ దిగుతుంది, మన పని ఎక్కడ ఆపామో అక్కడే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఇదే పని ముందు ప్లే స్టోర్ ద్వారా వచ్చి, 2024లో ఆండ్రాయిడ్ 15తో సిస్టమ్‌లోకే చేరింది. స్టోరేజీ సమస్యను ఇంటర్‌ఫేస్‌తో పరిష్కరించడమంటే ఇదే. చోటు పెరగలేదు, ఏదీ పోలేదు, భయపెట్టలేదు.

భయపెట్టే రకం ఇంకోటుంది. ఫోనుతో వచ్చే "క్లీనర్". ఎర్రరంగు గుండ్రంలో "1.8 జీబీ చెత్త" అని చూపించి, చీపురు బొమ్మ తిప్పి, పచ్చరంగులో "శుభ్రం" అంటుంది. అది ఊడ్చింది ఎక్కువగా కాష్. మర్నాడు యాప్‌లు తెరిస్తే అదంతా మళ్ళీ దిగుతుంది, మళ్ళీ ఎరుపు. ర్యామ్ ఖాళీ చేసే రాకెట్ బొమ్మ ఇంకా అన్యాయం. వెనకాల నిలబడ్డ యాప్‌లను తరిమేస్తే అవి మళ్ళీ మొదటినుంచీ లేవాలి, అందుకు ఎక్కువ సమయం, ఎక్కువ బ్యాటరీ. ఖాళీ ర్యామ్ వల్ల మనకొచ్చే లాభమేమీ లేదు. సమీక్షల్లో ఈ యాప్‌లను "అదనపు సౌకర్యాలు" అనే జాబితాలో రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటర్‌ఫేస్‌ను మనం చదివే భాషలో పెట్టి చూడాలన్నది నా ఇంకో వాదన. సమీక్షలన్నీ ఇంగ్లీషు మెనూల మీదే జరుగుతాయి. ఆండ్రాయిడ్ మెనూలు తెలుగులోకి వచ్చింది 2014లో 5.0తో. తెలుగులో పెట్టగానే కొన్ని ఫోన్లలో బటన్ మీది మాట సగంలో తెగి మూడు చుక్కలవుతుంది, వరుస ఎత్తు చాలక గుడులు పైన, వత్తులు కింద కోసుకుపోతాయి. వేరే పేజీలో అయితే సర్దుకుపోవచ్చు. "తొలగించు" తర్వాత ఏం రాసి ఉందో కనబడకపోతే ఎలా సర్దుకుంటాం? రాత సరిగా గీయడం ఎంత లోతైన పనో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు చూపించాయి. "జ్ఞా" అక్షరం తాలూకు ఒక సంకేతాల వరస వస్తే ఐఓఎస్ 11.2.5లో మెసేజీల యాప్ కుప్పకూలేది. దాన్ని 11.2.6తో సరిచేశారు. ప్రపంచమంతా ఒక్క వారం పాటు తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది, ఇలాంటి కారణానికి!

మరి నిండిన ఫోనును ఎలా పరీక్షించాలి? నేను చేసేది మోటు పనే. కొత్త ఫోను చేతికి రాగానే, సొంత డేటా ఎక్కించకముందే, కంప్యూటరులోంచి పెద్ద పెద్ద వీడియోలు దింపి నూటికి తొంభై ఐదు వంతులు నింపేస్తాను. అప్పుడు కెమెరా తెరుస్తాను. ఎంత సేపట్లో తెరుచుకుంది? వీడియో తీస్తుండగా చోటు పూర్తిగా అయిపోతే అప్పటిదాకా తీసినదాన్ని దాచి ఆగిందా, మొత్తం పోగొట్టిందా? ఫోను ఏ మాట అంది, ఆ మాట పక్కన ఏ దారి చూపింది? యాప్‌లు చాలావరకు తమ సమాచారాన్ని చిన్న డేటాబేసులో రాసుకుంటాయి. రాయడానికి చోటే లేకపోతే కొన్ని మర్యాదగా చెబుతాయి, కొన్ని తెరుచుకుని వెంటనే మూసుకుంటాయి. అప్‌డేట్ ఏదైనా వస్తే దాన్ని వేసి చూస్తాను. తర్వాత అతి పెద్ద ఫైలును కనిపెట్టి తీసెయ్యడానికి ఎన్ని నొక్కుళ్ళు పట్టాయో చూస్తాను. ఇదంతా అయ్యాకే స్మూత్‌గా ఉందా లేదా అన్న మాట.

ఎంత స్టోరేజీ కొనాలి అని అడిగేవాళ్ళకు నా జవాబు: మీరు వీడియో ఏ కొలతలో తీస్తారో చెప్పండి. మిగతావన్నీ చిల్లర. తెలుగు రాతలో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. 4కె వీడియో నిమిషానికి, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, వీడియోను కుదించి దాచే హెచ్‌ఈవీసీ పద్ధతిలో తీస్తే, ఐఫోన్ సొంత లెక్క ప్రకారం సుమారు 170 ఎంబీ. ఆ ఒక్క నిమిషం చోట్లో ఐదున్నర కోట్ల తెలుగు సంకేతాలు పడతాయి. సెకనుకు 60 ఫ్రేములైతే నిమిషానికి 400 ఎంబీ. 1080పీ, 30 ఫ్రేములైతే 60. పిల్లవాడు పాకే వీడియోకు నాలుగు రెట్లు సున్నితమైన బొమ్మ కావాలా అన్నది మీ ఇష్టం. ఆ సెట్టింగును ఒకసారి చూసుకున్నాకే పెద్ద ఫోనుకు డబ్బు పెట్టండి.

మెమరీ కార్డు గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. చోటు పెంచుకోవడానికి అది ఇప్పుడు పెద్దగా అక్కర్లేదు. వేగంలో లోపలి చిప్పు ముందు నిలవదు కూడా. యాప్‌ల కోసమని ఏ2 ముద్ర వేసిన కార్డు హామీ ఇచ్చేది సెకనుకు 4,000 చిన్న చదువులు, 2,000 చిన్న రాతలు మాత్రమే. దాని గొప్పతనమల్లా ఊడదీసి ఇంకో చోట పెట్టి చదువుకోగలగడం. 2015లో ఆండ్రాయిడ్ 6 కార్డును లోపలి స్టోరేజీలో కలిపేసుకునే వీలు ఇచ్చినప్పుడు చాలామంది సంబరపడ్డారు. అలా కలిపితే కార్డు ఆ ఫోను తాళంతో ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తాళం లేనిదే చదవలేని గుప్తరాతగా మారుతుంది, మరెక్కడా తెరుచుకోదు. ఉన్న ఒక్క గుణాన్నీ తీసేసి, చెయ్యలేని పని అప్పజెప్పినట్టయింది. శాంసంగ్ తన గెలాక్సీ ఎస్ వరసలో 2015లో కార్డు గాడి తీసేసి, మరుసటి ఏడు మళ్ళీ పెట్టి, 2021లో మళ్ళీ తీసేసింది. ఉందా లేదా అని కొనేవాళ్ళు ప్రతిసారీ చూసుకోక తప్పదు.

కార్డును నేనింకా ఎందుకు వెనకేసుకొస్తానంటే, తెర పగిలిన రోజు కోసం. నేటి ఫోన్ల లోపలి స్టోరేజీ అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దొంగ చేతికి చిక్కితే మంచిదే. కానీ తెర పోయి, టచ్ పని చెయ్యకపోతే తాళం తీయడం మనకూ గగనమే. తాళం తియ్యనిదే కంప్యూటరుకు తగిలించినా లోపలివి కనిపించవు. బోర్డు కాలిపోతే, చిప్పును ఊడదీసి చదివినా వచ్చేది అర్థంలేని అంకెల మూట. కార్డులో ఫోటోలు మామూలుగా దాచుకున్నవాడు ఆ కార్డు తీసి ఇంకో ఫోనులో పెట్టుకుంటాడు. కార్డు లేనివాడికి మిగిలేవి క్లౌడ్, కేబుల్. క్లౌడ్‌కు నెలనెలా అద్దె ఉంది. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేనన్ని ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి, ఇప్పుడు మెయిలు, ఫైళ్ళు, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ.

కేబుల్ సంగతి చూస్తే, సమీక్షల్లో ఇంతకంటే నిర్లక్ష్యానికి గురైన భాగం లేదు. గాడి టైప్-సి అయినంత మాత్రాన వేగం రాదు. ఎన్నో ఫోన్లలో ఆ కొత్త గాడి వెనక ఉన్నది పాత యూఎస్‌బీ 2.0. 2023 ఐఫోన్ 15 కూడా అంతే, 15 ప్రోకి మాత్రం సెకనుకు 10 గిగాబిట్ల దారి ఇచ్చారు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకు 35 ఎంబీ దరిదాపు. ఆ లెక్కన 100 జీబీ బయటికి తియ్యాలంటే 48 నిమిషాలు, అదీ ఎక్కడా ఆగకుండా ఉంటే. ఆండ్రాయిడ్ కంప్యూటరుతో మాట్లాడే ఎంటీపీ పద్ధతిలో వేల చిన్న ఫైళ్ళుంటే ఇంకా సాగుతుంది, కొన్నిసార్లు కాపీ అయిన ఫోటోల తేదీలు మారిపోయి అన్నీ ఈ రోజువే అయి కూర్చుంటాయి. సెకనుకు నాలుగు వేల ఎంబీలు చదివే చిప్పును లోపల పెట్టి, బయటికి ముప్పై అయిదు ఎంబీల సందు వదిలారన్నమాట. స్పెసిఫికేషన్ పేజీలో అట్టడుగున, బరువు, రంగులు అయ్యాక, "యూఎస్‌బీ 2.0" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ ఫోను గురించి ఎవరు అడిగినా ఈ మధ్య నేను ఆ వరుస నుంచి పైకి చదువుతున్నాను.